ఇద్దరికీ ఒకే మాత్ర

ప్రియమైన పొడుగుకి,

నీ ఉత్తరం అందింది. మీ పెద్ద రేడియో స్టేషన్‌లో ఉదయం వార్తలు చదవడానికి పర్మనెంటు మనిషిని తీసుకుంటున్నారట కదా. నువ్వు వెళ్తున్నావని నేనూ దరఖాస్తు పడేశాను. ఎవరికి వచ్చినా మనింట్లో వచ్చినట్టే.

నా బెంగల్లా ఈ దగ్గు గురించే. నువ్వు బదిలీ మీద వెళ్లే ముందు, బీపీకని డాక్టరు మనిద్దరికీ ఒకే మాత్ర రాశాడు చూడు, రెండు మందులు కలిపిన తెల్ల బిళ్ళ. బీపీ బుద్ధిగానే ఉంది. గొంతే మొండికేసింది. కఫం లేదు, జ్వరం లేదు, ఉత్త పొడి దగ్గు. మొన్న వాతావరణం చదువుతూ దగ్గితే అద్దం అవతల నుంచి ఇంజనీరు నా మైకు కట్టేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. నీకేమైనా ఇలా వచ్చిందా? దాచకుండా చెప్పు.

నీ పొట్టి

నా బంగారు పొట్టికి,

నాకు దగ్గేమిటే, గుండ్రాయిలా ఉన్నాను. అదే మాత్ర నేనూ మింగుతున్నాను, ఏ గొడవా లేదు. నీది మన పాత స్టూడియో తివాచీలో దుమ్ము. గోరువెచ్చని నీళ్లు తాగు, ఊరికే వాగకు. డాక్టరు దగ్గరికి మాత్రం పరిగెత్తకు. ఏదో ఒకటి మార్చి, కుదురుగా ఉన్న బీపీని కాస్తా పెంచుతాడు. ఉద్యోగానికి వార్తలు చదివించే పరీక్షనాడు గొంతు సహకరించకపోయినా దిగులుపడకు, ఇలాంటివి మళ్లీ వస్తాయి.

రోజూ నిన్నే తలుచుకునే,
నీ పొడుగు

ప్రియమైన పొడుగూ,

ఉద్యోగం నీకే వచ్చిందని తెలిసింది. నిజంగా సంతోషమే. పరీక్షలో రెండో వార్తకే నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చినప్పుడు, బయట నువ్వు వీపు నిమిరి నీళ్లు తాగించావు. నువ్వు లేకపోతే అక్కడే కూలబడేదాన్ని.

నీ మాట విని తివాచీ తీయించాను. దగ్గు కదల్లేదు. నన్ను వార్తల నుంచి తప్పించి రికార్డులు సర్దే గదిలో వేశారు. నీతో మాట్లాడాలని ఉంది, రాయి.

నీ పొట్టి

ఉదయం వార్తలు చదివే మేడమ్ గారికి,

నమస్కారం. నా ఉత్తరానికి జవాబు రాలేదు. మీకు తీరిక దొరికి ఉండదు.

మందుల షాపులో మీ అక్కయ్యగారు కనిపించారు. నా దగ్గు విని, "మా చెల్లికీ అచ్చం ఇంతేనమ్మా. అక్కడికి వెళ్లిన కొత్తలోనే డాక్టరు ఆ తెల్ల బిళ్ళ మార్చేశాడు, నెల తిరక్కుండా తగ్గింది. నీకు చెప్పలేదా?" అన్నారు. చెప్పిందండీ, నేనే మర్చిపోయాను అన్నాను. అంత జరిగాక కూడా మీ పరువు నేనే కాపాడాను చూశారా.

అట్నుంచి అటే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన రెండు రకాల మాత్రల అట్టలూ పక్కపక్కన పెట్టి చూపించారు. నా బీపీకి రెండూ సరిపోతాయట. రెండింట్లోనూ ఒక మందు ఒకటేనట, జతకలిపిన రెండోదే వేరట. తెల్ల బిళ్ళలో ఉన్న ఆ రెండో మందు కొందరికి ఇలా పొడి దగ్గు తెప్పిస్తుందట. మాత్ర మార్చారు. కొన్ని వారాలకి నా గొంతు నాకు వచ్చింది. ఇప్పుడు రికార్డుల గదిలో తలుపు వేసుకుని పాత వార్తలు పైకి చదువుకుంటున్నాను.

నా కడుపు మండేది ఉద్యోగం పోయినందుకు కాదు. మీరు నాకన్నా బాగా చదువుతారు, ఆ మాట అందరిముందూ నేనే అనేదాన్ని. నెగ్గడానికి మీకు నా దగ్గు అక్కర్లేదు.

ఈ ఉదయం రేడియో పెట్టాను. ముఖ్యాంశాల నుంచి వాతావరణం దాకా మీ గొంతు ఎక్కడా తడబడలేదు. ఎందుకు తడబడదో నాకిప్పుడు తెలుసు కదే.

ఇట్లు,
ఒక శ్రోత