టీచరమ్మ కారు

నా ఇల్లాలికి, దీవెనలతో రాస్తున్నాను.

ఇక్కడ అందరం క్షేమం అని అలవాటుకొద్దీ రాసి, 'అందరం' కొట్టేశాను. ఉన్నది నేనొక్కణ్ణే కదా. నేను క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, పసిదీ కులాసా అని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బీపీ మాత్రలు మానలేదు. వంట చేసుకుంటున్నాను. వండేదీ తినేదీ నేనే కాబట్టి వంక పెట్టేవాళ్ళు లేరు. వంటింటి కుళాయి మాత్రం నా మాట వినడం లేదు, కింద గిన్నె పెట్టి రాజీపడ్డాను. పళ్ళ ల్యాబులో పని ఎప్పటిలాగే ఉంది. మొన్న ఒక పెద్దాయన నేను చేసిన కొత్త పళ్ళ సెట్టు పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఇవి నా పళ్ళు కావు, మా బావమరిది పళ్ళు" అన్నాడట. డాక్టరు గారు నవ్వు ఆపుకోలేక ఆ సెట్టు నాకు తిప్పి పంపించారు. ముందు పళ్ళు రెండూ కాస్త అరగదీసి ఇచ్చాను. బావమరిది వదిలాడో లేదో ఇంకా కబురు రాలేదు.

పసిది ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తోందని రాశావు. ఏడవనీ. అమ్మాయి కూడా అంతే కదా, ఊరంతా మేలుకునేది. అమ్మాయికి ఒంట్లో నీరసం తగ్గేదాకా నువ్వు అక్కడే ఉండు. నా గురించి తొందరపడి రావద్దు.

ఇక ఉత్తరం చివర నువ్వు అడిగిన మాట. "చిన్నోడి గది తుడుస్తున్నారా? వాడి బల్ల మీద ఏదీ కదపలేదు కదా?" అని. దీనికి ఔననీ కాదనీ ఒక్క ముక్కలో రాయలేక నాలుగు రోజులుగా కాగితం ముందు పెట్టుకుని లేస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. కోపం వస్తే చదవడం ఆపి, మళ్ళీ చదువు.

నువ్వు వెళ్ళిన కొన్నాళ్ళకు డ్రైవింగ్ టీచరమ్మ మన ఇంటికి వచ్చింది. మన వీధిలో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి, మన చిన్నోడికీ ఆవిడే నేర్పింది. ఆవిడ పాత నీలం కారు తుక్కులోకి పోయిన రోజు వీడు ఆవిడకు మాటిచ్చాడట: "మీ కారు మీకు మళ్ళీ చేసిస్తాను టీచర్, కాకపోతే అరచేతిలో పట్టేంత." జబ్బు ముదిరాక కూడా వీపుకి దిండ్లు ఆనించుకుని, భూతద్దం కింద వాడు గీకుతూ కూర్చున్నది ఆ కారే. ఏదో పాత బొమ్మ కారుకి రంగు వేస్తున్నాడని మనం అనుకున్నాం.

లోపలికి రమ్మన్నా ఆవిడ రాలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పులవైపు చూస్తూ మాట్లాడింది.

"ఇల్లు ఖాళీ చేసి మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానండీ అన్నయ్యగారూ. అడగడానికి నోరు రావట్లేదు. బాబు చేస్తున్న కారు ఎంతవరకు అయితే అంతవరకు, అలాగే ఇచ్చేస్తారా?"

ఇవ్వలేనని చెప్పడానికే నోరు తెరిచాను. వెళ్ళేముందు ఆ గది తలుపు దగ్గరికి వేసి, 'ఏదీ కదపనని మాటివ్వండి' అని నువ్వు అడగడం, నేను సరేననడం నా చెవిలోనే ఉన్నాయి. కానీ బయటికి వచ్చిన మాట వేరు.

"సగం పని ఇవ్వకూడదమ్మా. కాస్త ఆగండి, పూర్తిచేసి ఇస్తాను."

"మీకు వచ్చా ఈ పని?"

"పళ్ళు చేస్తానమ్మా. ఇదీ అలాంటిదే. కాకపోతే ఇది కొరకదు."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్న గది తలుపు తీశాను. లోపల ఇంకా సన్నగా రంగు వాసన. గోడకి ఆ కారు ఫొటోలు అన్ని వైపుల నుంచీ తీసినవి అంటించి ఉన్నాయి. విడి భాగాలన్నీ సీసా మూతల్లో సర్ది పెట్టాడు. బజారులో కొన్న బొమ్మ కారుని ఒక్కో స్క్రూ విప్పి, దాని రంగంతా ఊడగొట్టి, మళ్ళీ మొదలుపెట్టాడు. వాడి స్నేహితులు ఇలాంటి బొమ్మలను అద్దంలా మెరిపిస్తారు. వీడు ఈ కారుకి ముసలితనం తెచ్చాడు. నేర్చుకునేవాళ్ళు ఎవరో గేటుకి గుద్దినప్పటి సొట్ట ఎడమ తలుపు మీద ఉంది. బంపరు ఒక పక్కకి జారి ఉంది. ఒక హెడ్‌లైటు కాస్త మెల్లకన్ను. డ్రైవరు సీటు చిరిగి, లోపలి దూది బయటికి వచ్చింది. ఆ సీటు తోలు ఎక్కడిదో నాకు చూడగానే తెలిసింది. బస్సులో ఎవరో కొట్టేశారని నేను తిట్టుకుంటూ తిరిగిన నా పాత పర్సు అది. దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

మిగిలిన పని పెద్దదేం కాదు. చక్రాల చుట్టూ బురద, కింద తుప్పు, రంగు చెదరకుండా పైన కొట్టే లాకరు అనే ఆఖరి పూత. ఆవిడ కూర్చునే పక్క రెండో బ్రేకు ఉండాలి, డ్రైవింగ్ స్కూలు కారు కదా, అది ఇంకా పెట్టలేదు. పళ్ళ సెట్టుకి కొక్కేలు వంచే తీగ ముక్క తెచ్చి ఆ బ్రేకు నేను చేశాను. రంగు సుద్ద పొడిచేసి, సన్న కుంచెతో తుప్పు పట్టించాను. రోజూ ల్యాబు నుంచి రాగానే చేతులు కడుక్కుని ఆ బల్ల ముందు కూర్చునేవాణ్ణి. వాడు వంగి కూర్చుని వంగి కూర్చుని నడుం నొప్పని ఎందుకు అనేవాడో ఇప్పుడు తెలిసింది. ఒకటి చెప్పనా, వాడు పోయాక నా ఒంటికి కాస్త తెరిపి దొరికింది ఆ కుర్చీలోనే.

ఇంతవరకు రాయడం తేలికే. ఇకమీదటిదే నీకు చెప్పడానికి జంకుతున్నాను.

లాకరు ఎలా కొట్టాలో నాకు తెలియదు. చిన్నోడికి స్ప్రే పట్టుకోవడం నేర్పిన గ్యారేజీ పెయింటరుని పిలిచాను. అతను కారుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి వాల్చి చూసి పెదవి విరిచాడు.

"టాపు మీద మచ్చ ఉంది సార్. రంగు ఆరకముందే పట్టుకున్నట్టున్నాడు. వాటర్ పేపర్‌తో రుద్దేసి మళ్ళీ ఒక కోటు కొట్టేద్దాం, ఎంతసేపు?"

నేనూ చూశాను. అది మచ్చ కాదు. బొటనవేలి ముద్ర. గీతలన్నీ సుళ్ళు తిరిగి స్పష్టంగా ఉన్నాయి, వాటికి అడ్డంగా ఒక కోత. చిన్నప్పుడు పళ్ళకు మైనం చెక్కే నా కత్తితో ఆడుకుంటూ కోసుకున్నాడు చూడు, నువ్వు వాణ్ణి ఎత్తుకుని, నన్ను తిడుతూ ఆసుపత్రికి పరిగెత్తావు, ఆ కోత. ఆ చివరి రోజుల్లో చెయ్యి వణికి కారు జారబోయి ఉంటుంది, గబుక్కున పట్టుకుని ఉంటాడు.

"రుద్దొద్దు" అన్నాను.

"ఇంత బాగా చేసి, నెత్తిమీద ఈ మచ్చేంటి సార్? వాడుంటే ఒప్పుకునేవాడు కాదు."

"అది వాడి వేలయ్యా."

పెయింటరు కారుని రెండు చేతులతో మెల్లగా బల్ల మీద పెట్టాడు. తర్వాత దాని మీద నుంచే పల్చగా లాకరు కొట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

నిజం చెబుతున్నాను, ఇవ్వకుండా ఉంచేసుకుందామనే అనుకున్నాను. టీచరమ్మకి ఏదో ఒక సాకు చెప్పేస్తే సరి. నువ్వు వచ్చాక నీ చేతిలో పెడితే నువ్వు దాన్ని గుండెకి హత్తుకునేదానివి, నాకు తెలుసు. రెండు రోజులు అదే ఆలోచన. కానీ వాడు మనకి ఇస్తానని చేసింది కాదు కదా అది. ఊపిరి అందని రోజుల్లో కూడా కూర్చుని చేశాడంటే ఇచ్చిన మాట కోసం. దాన్ని దాచుకుంటే వాడి మాట మనం మింగినట్టే.

తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆవిడ ఇంట్లో సామానంతా అట్టపెట్టెల్లోకి చేరిపోయింది, గోడలు ఖాళీ. కారుని అరచేతిలో పెట్టుకుని సొట్ట చూసింది, బంపరు చూసింది. కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, "నా బ్రేకు కూడా పెట్టాడే" అంది. పెట్టింది నేను. అయినా ఊఁ అన్నాను.

తర్వాత కారు టాపు చూసింది. "ఇదేంటి అన్నయ్యగారూ?"

"రంగు ఆరకముందు చెయ్యి తగిలిందమ్మా."

"ఎవరి చెయ్యి?"

ఆవిడ నా ముఖం చూసి, కారు చూసి, రెండు చేతులతో దాన్ని నా ముందుకు చాపింది.

"అయితే ఇది మీ ఇంట్లో ఉండాలి. వదిన గారు చూడాలి. నాకొద్దు, తీసుకెళ్ళండి."

నేను ఆవిడ వేళ్ళు మూసేశాను. "వాడు మీకిస్తానన్నాడమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట అనేసరికి నాలో ఏం తెగిందో తెలియదు. అక్కడే అట్టపెట్టె మీద కూలబడి ఏడ్చాను. పరాయి ఇంట్లో, పరాయి మనిషి ముందు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆసుపత్రి వరండాలో నువ్వు నా చొక్కా పట్టుకుని, "కన్నతండ్రివేనా, రాయివా?" అని అడిగావే, ఆ రోజు రాని కన్నీళ్ళన్నీ అప్పుడు వచ్చాయి. నీ ముందు ఏడిస్తే నిన్ను పట్టుకోవడానికి ఎవరూ ఉండరని భయం. అంతే తప్ప రాయిని కాదు.

ఆవిడ ఊరుకోమనలేదు. పక్కన కూర్చుంది. కారుని ఒళ్ళో పెట్టుకుని అంది: "అందరికీ నేర్పేటప్పుడు నా కాలు బ్రేకు మీదే ఉండేదండీ. మీవాడు నడిపేటప్పుడు మాత్రం కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని."

బల్ల మీద మిగిలినవేవీ కదపలేదు. మూతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ నీకు ఇచ్చిన మాట తప్పాను, నీ బిడ్డ వేలిముద్రని నీకు చూపించకుండానే ఇంకొకరి చేతిలో పెట్టాను. ఎన్ని మాటలు అంటావో అను, పడతాను.

టీచరమ్మ చెల్లెలి ఊరు నువ్వు తిరిగొచ్చే రైలు దారిలోనే ఉంది. ఎప్పుడైనా రమ్మంది. నువ్వు సరేనంటే ఆ స్టేషనుకి నేను ఎదురొస్తాను, ఇద్దరం దిగి చూసి వద్దాం. వేలు ఆనిస్తే చెదిరిపోతుందేమోనని నేను ముట్టుకోలేదు. పెయింటరుని అడిగాను. లాకరు గట్టిపడిందట, నువ్వు ముట్టుకోవచ్చు.

ఇట్లు,
మన ఇద్దరు పిల్లల నాన్న