ఒకేలా వినిపించిన రెండు మాటలు

అక్కా,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. విదేశాల్లో నర్సు పని కోసం రాసే ఇంగ్లీషు పరీక్ష మూడోసారీ తప్పాను. తప్పింది విని రాసే భాగంలోనే.

నిన్న మదురైలో కోచింగ్ సారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో పెనానికి ఒక మాట, నొప్పికి ఒక మాట పలికాడు. ఎన్నిసార్లు పలికినా నాకు రెండూ ఒకటిగానే వినిపించాయి. పదేళ్లుగా రోగుల నొప్పులు చూస్తున్నదాన్ని, అక్కా.

పొల్లాచ్చిలో నేను బడికి పోకముందే నువ్వు నాకు ఇంగ్లీషు నేర్పావు. అప్పట్లో మనకు తెలుగు మాటే గాని రాత రాదు కదా, అన్నీ తమిళ అక్షరాల్లో రాసిచ్చేదానివి. తమిళంలో 'ప్యా' పలుకుకు అక్షరం లేక ప్యాన్‌కూ పెయిన్‌కూ 'పేన్' అనే రాశావు. నేను అలాగే వల్లించాను.

సారు కూడా మనలాగే తమిళనాట పెరిగిన తెలుగువాడే. "చిన్నప్పుడు చెవిలో పడింది అట్లనే ఉండిపోయెమ్మా. ఇంక మారేది కష్టం. నీకి మొదట ఎవురు చెప్పిచ్చింది?" అని అడిగాడు.

"ఎవురూ లేదు సార్, నేనే నేర్చుకుంటి" అన్నాను.

నీ మీద ఒక్క మాట పడటం నాకు ఇష్టం లేదు. నాలుగోసారి రాయనని ఆయనకు చెప్పి బస్సెక్కాను.

నీ చెల్లి