దెయ్యం సినిమా తర్వాత ప్రేమవిందు

శనివారం రాత్రి, షాదీపూర్

ఇన్నేళ్ళ నీ ప్రసంగాలకు కదలని సంఘం ఒక చచ్చు సినిమాకు ఎలా కదిలింది, చెప్పు పాస్టరూ?

సాయంత్రం యౌవనస్థులు చర్చి హాల్లో వేసిన సినిమాలో, సముద్రంలో పారేసిన ప్లాస్టిక్ అంతా దెయ్యమై ఊరి మీద పడుతుంది. అయిపోగానే చూసినవాళ్ళు రెండు పక్షాలయ్యారు: భయమేసిందని కొందరు, చచ్చుదని కొందరు.

"ఏం బక్వాస్ భయ్యా! మా అత్త దగ్గితే ఇంతకంటే వణికేదాన్ని" అంది ఆదివారం ఆరాధన తర్వాత అందరం కలిసి తినే ప్రేమవిందుల వంట చూసే సుగుణ దీదీ.

"మరి కళ్ళెందుకు మూసుకున్నావ్ దీదీ?" అన్నాడు యూత్ లీడర్ జోసెఫ్.

నేను బైబిల్ ఎత్తి లేచాను. "దెయ్యం తేలిపోయింది, ఒప్పుకుంటా. కానీ తోటను కాపాడమని దేవుడు ఆదాముకు చెప్పాడు. మనమేమో ప్రతి ప్రేమవిందుకీ థర్మాకోల్ ప్లేట్లలో తిని, చర్చి వెనకున్న మడ అడవిలోకి విసురుతున్నాం. ఆ దెయ్యాన్ని మేపేది మనమే!"



"రేపటి విందుకు ఎవరి కంచం వాళ్ళే తెచ్చుకోండి. ప్లేట్లు నేను కొనను, బస్, అంతే" అంది దీదీ. రెండు పక్షాలూ ఒక్క గొంతుతో ఆమేన్ అన్నాయి. హల్లెలూయా! ఇంత గెలుపు నేనెన్నడూ చూడలేదు.

కానీ సగం సంఘం సినిమాకే రాలేదు. రేపు వాళ్ళు ఉత్త చేతులతో వస్తే, దీదీ మనసు కరిగి మళ్ళీ ఆ ప్లేట్లే...

లే, పడుకోకు. ఫోన్ తీసి ఇప్పుడే ఒక్కో ఇంటికీ చెప్పు: కంచం పట్టుకుని రండి!