మేకు కొట్టాలంటే ఎవర్నడగాలి

ఏమండీ, డ్యూటీకి వెళ్తున్నా. మనం అద్దెకివ్వడానికి కొన్న ఫ్లాట్ చూడ్డానికి టీచరమ్మ పదకొండింటికి మళ్ళీ వస్తుంది. తాళంచెవులు ఫ్రిజ్ మీదున్నాయి. ముందే వెళ్ళి కిటికీలు తెరవండి, రంగు వాసన పోతుంది. ఆవిడ కష్టాలు చెప్పగానే కరిగిపోయి అద్దె తగ్గించకండి. యాభై దాటాక అప్పు చేసి కొన్నాం. రేపు మీరు రిటైరయ్యాక మనకి అదే పెన్షన్.

నిన్న ఆవిడ గోడకి మేకు కొట్టుకోవచ్చా అనడిగితే మీరు "ఓనరుగారిని కనుక్కుని చెప్తా" అన్నారట! నాకు ఫోన్ చేసి ఓనరు నంబరు అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్ళల్లో క్యాలెండర్ని కూడా తలుపు గడియకే తగిలించుకున్నాం. మీ తప్పేం లేదు లెండి.

అన్నట్టు, సుత్తి పట్టుకెళ్ళండి. మొదటి మేకు మీరే కొట్టి రండి, ఓనరుగారూ.