బావగారు తినేసిన స్టేషన్

నిమ్‌పురా రైల్వే కాలనీ, జనవరి 1968. ఆదివారం రాత్రి.

బావగారు ఈరోజూ మొదలుపెట్టారు. తాను మాస్టరుగా చేసిన ఆ పల్లెటూరి స్టేషన్‌ని అన్యాయంగా మూసేశారట. టికెట్లు తెగలేదని మూశారు. ఎందుకు తెగలేదో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఊళ్లోవాళ్లు టికెట్ కొనే బదులు ఆయన బల్ల మీద నాలుగు వంకాయలు పెట్టి బండెక్కేవారు. ఆయన జెండా ఊపేవారు.

పొద్దున కూరలమ్మే లఖీ వచ్చింది. ఆమెది ఆ ఊరే. ఇప్పుడు బుట్ట నెత్తిన పెట్టుకుని పక్క స్టేషన్ దాకా పొలం గట్ల మీద నడుస్తోంది. మడమలు పగిలిపోయాయి. అయినా మాస్టర్‌బాబు మంచివాడని రెండు వంకాయలు ఊరికే ఇచ్చింది.

"సూసినావా అమ్మా, నానంటే ఈల్లకి ఎంత పేమో" అన్నారు బావగారు నాతో.

ఒళ్లు మండిపోయింది. వంకాయలు తిరిగి బుట్టలో పడేశాను. "మీ స్టేషన్‌ని మూయించింది ఈ వంకాయలే బావగారూ" అన్నాను, లఖీకి అర్థం కావాలని హిందీలోనే. ఆమె ముఖం మాడిపోయింది. టికెట్ కొనకపోతే స్టేషనే పోతుందని పాపం ఆమెకెవరు చెప్పారు? బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా వీధికి వస్తుందో రాదో.

"పెద్దోడిని అంత మాటంటావేటి" అని మా ఆయన సాయంత్రం దాకా సణిగారు. బావగారు నాతో పలకలేదు. పలక్కపోతే పీడా పోయె అనుకున్నాను.

రాత్రి కంచంలో బంగాళాదుంప వేపుడు చూసి నోరు విప్పారు.

"వంకాయ నేదా అమ్మా?"