మునసబు పథ్యం

పలివెల,
నవంబరు 1997.

మా దుర్గక్కకి,

నీ చెల్లి యామిని భయపడుతూ రాస్తున్న ఉత్తరం ఇది. చదివి బావగారి చేతికి ఇవ్వకు, పొయ్యిలో పెట్టెయ్యి.

మా మునసబుకి ఒంట్లో బాగోలేదు. కుక్కకి ఒంట్లో బాగోకపోతే ఉత్తరం రాయాలటే అని నవ్వుతావని తెలుసు. నవ్వకక్కా. పోయిన ఏడాది తుఫానులో కొబ్బరిచెట్టు విరిగి మామయ్యగారి మీద పడినప్పుడు, జనం వచ్చేదాకా ఆయన పక్కనే తడుస్తూ కూర్చున్నది ఇదే. రోజంతా అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని ఆరా తీస్తుందని మునసబని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆయన పోయిన దగ్గర్నించి అత్తయ్యగారు నాతో పనిమాటలు తప్ప ఇంకో మాట మాట్లాడరు. ఆవిడ కబుర్లన్నీ దానితోనే. అది కాస్తా పోతే ఆవిడ ఏమైపోతారోనని నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. మీ మరిదిగారు చూస్తే కొబ్బరి లోడుతో రాయపూర్ వెళ్ళారు.

ఒకటే వాంతులు, నెత్తురు విరేచనాలు. రిక్షాలో వేసుకుని కొత్తపేటలో పశువుల డాక్టరు ప్రకాశరావుగారికి చూపించాను. సెలైన్ ఎక్కించి, ఇంజెక్షన్లు చేశారు. "గండం గడిచినట్టేనండి. ఇహ తిండే మందు. అన్నం మెత్తగా జావలా ఉడకబెట్టండి. తోలూ ఎముకా లేని కోడిమాంసం ఉప్పూ, కారం, నూనె లేకుండా ఉడికించి, చిదిమి కలపండి. అదీ గుప్పెడే సుమండీ. పేగు పుండైపోయింది, ఎక్కువ పడితే తట్టుకోలేదు" అన్నారు.

కోడిమాంసం! కార్తీకమాసంలో! మామూలు రోజుల్లో చేపో కోడో లేనిదే ముద్ద దిగని ఇల్లే మాది. ఈ నెలలో మాత్రం ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాదు. పైగా ఈ ఏడు అత్తయ్యగారు మామయ్యగారిని తలుచుకుంటూ ఉపవాసాలు ఉంటున్నారు. ఆవిడ ముందు కోడి అన్న మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. "జావ పొయ్యమన్నారండి" అని ఊరుకున్నాను.

కొబ్బరికాయలు ఒలవడానికి వచ్చే పాపాయమ్మని బతిమాలాను. "ఆయ్, దానికేం భాగ్యమండి, మా ఇంట్లో ఉడకబెట్టి తెచ్చేత్తాను" అంది. బుట్టలో గిన్నె పెట్టి పైన కొబ్బరి పీచు డొక్కలు కప్పుకొస్తోంది. పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు జావలో కలిపి, కాయల కొట్టు వెనక కూర్చుని పెడుతున్నాను. ఆ తరవాత చేతులు ఎంత రుద్ది కడుక్కున్నా, అత్తయ్యగారు పక్కనించి వెళ్తే చాలు, వాసన పట్టేస్తారేమోనని చేతులు వెనక్కి దాచుకుంటున్నాను.

నిన్న తోక ఊపింది. అదొక్కటే ధైర్యం.

నీ
యామిని

*

అక్కా,

కొంప మునిగింది. లేచి తిరుగుతోంది కదా అని సంబరపడ్డాను. మునసబు మళ్ళీ పడిపోయింది. తిన్నదంతా కక్కేసి, కళ్ళు తెరవడం లేదు.

నేనే పెట్టాను, నా చేత్తో. గుప్పెడు దాటలేదు, నీ మీద ఒట్టు. మరెందుకిలా అయింది? ఈ నెలలో దొంగచాటుగా మాంసం వండించినందుకా? ఇలాంటివి నమ్మననే అనుకునేదాన్ని. కానీ అత్తయ్యగారు దాని పక్కనే చతికిలబడి చెవి నిమురుతున్నారు. అది చూస్తే ఏదైనా నమ్మేసేలా ఉన్నాను.

రిక్షాకి కబురు పెట్టాను. ఆవిడా వస్తానంటున్నారు. డాక్టరుగారు ఏం పెట్టారని అడుగుతారు కదా! అబద్ధం చెబితే మునసబు పోతుంది. నిజం చెబితే ఈ ఇంట్లో ఆవిడకి మొహం ఎలా చూపించను? భయమేస్తోందక్కా, చచ్చేంత భయం. రిక్షా వచ్చేసింది.

యామిని

*

దుర్గక్కా,

బతికింది. ముందు ఆ మాట చదువుకుని, తరవాత నన్ను తీరిగ్గా తిట్టుకో.

అనుకున్నంతా అయింది. బల్ల మీద పడుకోబెట్టగానే డాక్టరుగారు "ఏం పెట్టేరండీ?" అన్నారు. అత్తయ్యగారు నా వైపు చూశారు. కళ్ళు గట్టిగా మూసుకుని చెప్పేశాను. "కోడిమాంసమండి. రెండు పూటలా గుప్పెడు. అత్తయ్యగారికి తెలీదండి."

ఆయన ఉహూఁ అన్నారు. "దానికి ఇలా అవదండి. ఇంకేదో పడింది లోపల."

పక్కనించి సన్నగా వినపడింది. "గుడ్లండి."

కళ్ళు తెరిచి చూస్తే, అత్తయ్యగారు చీర కొంగు వేలికి చుట్టుకుంటున్నారు! "తెల్లారగట్ట తానానికి నీళ్ళు కాస్తాను కదండి. ఆ కాగులోనే రెండేసి గుడ్లు పడేసేదాన్ని. ఉత్తి జావకి ఏం బలమొస్తుందని... కాస్త నెయ్యి కూడా వేసేనండి."

డాక్టరుగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. "అత్తాకోడళ్ళు పోటీపడి చంపేస్తారేంటండీ దాన్ని!" అని సెలైన్ సీసా అందుకున్నారు. నాకప్పుడు వెలిగింది, ఇన్నాళ్ళూ ఆవిడ గుడ్లుడికిన నీళ్ళతో కార్తీకస్నానం చేశారని. అంత భయంలోనూ నవ్వొచ్చి నాలిక కరుచుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో మునసబు తల ఆవిడ ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. "నాకెందుకు చెప్పలేదే?" అన్నారు.

"భయమండి."

"నాకూ భయమేనే."

"మీకా? ఎవరంటేనండీ?"

"నువ్వంటేనే. మీ మావయ్యగారు పోయి ఏడాది తిరిగిందో లేదో, ముసల్ది కార్తీకంలో గుడ్లు ఉడకబెడుతోంది అనుకుంటావని. చదువుకున్నదానివి, ఒక్కనాడు నవ్వుమొగం పెట్టవు. నీ అడుగు వినపడితే చాలు, కాలే గుడ్డు కొంగులో దాచేసేదాన్ని."

ఏం చెప్పమంటావక్కా! ఈవిడకి భయపడే కదా నేను నవ్వడం మానేశాను! ఆ మాటే అన్నాను, ఏడుస్తూ అన్నాను. రిక్షా అబ్బాయి వెనక్కి తిరిగి తిరిగి చూశాడు.

ఈవేళ ఆవిడే మా వంటింటి పొయ్యి మీద మాంసం పెట్టారు. "అత్తయ్యగారూ, కార్తీకమండీ" అంటే, "దేవుడితో నేను మాట్లాడుకుంటాలే. నువ్వు మాత్రం గుప్పెడు దాటనివ్వకు" అన్నారు. నేను పెట్టాను. అది తినేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. ఇప్పటిదాకా కక్కలేదు.

తిని అది నిద్రపోయింది. ఆవిడ మాత్రం కబుర్లు ఆపలేదు. పెళ్ళైన కొత్తలో మామయ్యగారు కాలవలో చెప్పులు పోగొట్టుకున్న సంగతి, ఆయన చేసిన అల్లరి, ఏవేవో. నేను బియ్యం ఏరుకుంటూ వింటున్నాను. చాలాసేపటికి గాని తెలియలేదక్కా, ఆవిడ మాట్లాడుతున్నది నాతోనని.

నీ చెల్లి
యామిని