తడి చేరని చిట్టెం

చంద్రగిరి,
ఆదివారం మధ్యాహ్నం.

నాయనకు రాజశ్రీ నమస్కరించి అడిగేది: గుంటలో సున్నం మాగిందని నీకు ఎట్లా తెలిసేది?

పదేళ్ళప్పుడు అడిగితే "చేతికి తెలుస్తాది మే" అన్నావు. ఆ జవాబు నచ్చకనే కెమిస్ట్రీ చదివానేమో. ఎమ్మెస్సీ చేసి, ఇన్నేళ్ళు గాజు గొట్టాలు కడిగినా, నా చేతికి మాత్రం ఏమీ తెలియడం లేదు.

ఇక్కడ అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. కారైకుడి ఎండ నీకు పడుతోందా? నీ ఉత్తరం మంగళవారం చేరింది. వీడియో కాల్ చేస్తే నువ్వు సున్నం పూసిన గోడే చూపిస్తావు తప్ప నీ మొహం చూపించవు, అందుకే నేనూ కాగితం తీశాను. అసలు కారణం అది కాదనుకో. ఫోన్‌లో అయితే "అంతా బాగుండాది" అని పెట్టేస్తాను.

అడిగినవాటికి వరసగా చెబుతాను. అమ్మ మోకాలికి పుత్తూరు నూనె రాస్తున్నాం. నొప్పి తగ్గిందా అంటే "నొప్పి పోయినా ఈ వాసన పోయేట్టు లేదు" అంటోంది. వంటింటి కప్పు కారడం ఆగింది. "ఇంకా ఆ కసువే పిసుకుతా ఉండావా" అని రాశావు. అవును, అదే. ఉక్కు కరిగించేటప్పుడు పైకి తేలే చిట్టెం లారీల్లో మా యూనిట్‌కు వస్తుంది. నలగ్గొట్టి, అయస్కాంతంతో ఇనుము లాగేసి, కుప్ప పోసి నాలుగు నెలలు తడపాలి. దాని పొట్టలో మిగిలిన సున్నం నీళ్ళు తాగి, ఉబ్బాల్సినంత ఉబ్బాకే ఇటుకకైనా నేలరాయికైనా ఇసుక బదులు పనికొస్తుంది. నీ గుంట పనే, నాయనా. స్వర్ణముఖిలో ఇసుక తోడే లారీలు కనబడినప్పుడల్లా, నేను చేసేది మంచి పనే అనుకుంటాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

కానీ నాలుగు నెలలు ఆగే మనిషి ఒక్కరూ లేరు. మేనేజరు మునిచంద్ర "మేడం, రాయిని గూడా బాలింత మాదిరి సాకాల్నా?" అని నవ్వుతాడు. ఎండాకాలం వారానికి మూడు ట్యాంకర్లు రావాల్సింది ఒకటే వచ్చింది. నేను అరిచాను, పుస్తకంలో రాశాను, మళ్ళీ అరిచాను. కుప్ప తడిపే ఆడవాళ్ళు "మేడం అరిస్తే నీళ్ళొచ్చేట్టుంటే మేమూ వరసగా నిలబడి అరుస్తుంటిమి గదా" అన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఆరేళ్ళుగా నా కోపం అంతా ఇట్లా నవ్వులోనే పోతోంది.

ఒక్కదానికి జవాబు రాయలేదని నువ్వు ఈపాటికి కనిపెట్టే ఉంటావు. నీ శిష్యుడు చిన్నబ్బకు పని ఉండాదా అని అడిగావు. లేదు నాయనా.

చిత్తూరు పక్కన ఒక బడి వరండాలో మా నేలరాళ్ళు పరిచింది చిన్నబ్బన్నే. మూడు నెలలు తిరక్కుండా రాళ్ళు ఉబ్బి పైకి లేచాయి. అక్కడ వంట చేసే రుక్మిణమ్మ నీళ్ళ బిందెతో వస్తూ తట్టుకొని పడింది. మణికట్టు విరిగింది, ఆమెకూ పుత్తూరు కట్టే. బడివాళ్ళు వచ్చి నిలదీస్తే మునిచంద్ర రెప్ప వేయకుండా చెప్పాడు: "రాయి తప్పు గాదు సార్. పరిచినోడు కింద మట్టి గట్టిపడేట్టు దిమ్మిస కొట్టలా." ఆ మాట చిత్తూరు దాకా పోయింది. ఇప్పుడు చిన్నబ్బన్నను ఎవరూ పనికి పిలవడం లేదు.

ఆ రాళ్ళ సరుకుకు సరేనని సంతకం పెట్టింది నేను.

నమూనా తీసిన రోజు కొత్త చిట్టెం లారీ వాకిట్లో నిలబడి ఉంది, మనుషులంతా అది దించే పనిలో ఉన్నారు. కుప్ప నడుమ దాకా తవ్వాలంటే ఇద్దరు మనుషులు, ఒక పూట కావాలి. తడి కనబడుతున్న అంచు నుంచే మూడు సంచులు తీయించాను. వారం రోజులు వేడినీళ్ళలో ఉంచినా అది ఉబ్బలేదు. ఎందుకు ఉబ్బుతుంది? అక్కడ నీళ్ళు తాగేసింది కదా. నువ్వు కట్టెను గుంట అడుగుదాకా దించి, కొనకు అంటింది చూసేవాడివి. వందసార్లు చూశాను నేను. రుక్మిణమ్మ పడ్డాక, మిగిలిన కుప్పను నడుమకు తవ్వించాను. లోపల పొడిగా, బూడిదలా ఉంది. ఆ నమూనా ఉబ్బింది. మిగతా సరుకు ఆపించాను, వరండా రాళ్ళు ఊడదీయించాను. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొన్న చిన్నబ్బన్న ఇంటికి పోయి చెప్పాను.

"తెలుసు మే," అన్నాడు. "పరిచే ముందర తడిపితే రెండు మూడు రాళ్ళు తెల్లంగా పొక్కినాయి. ఏకాంబరం మేస్త్రి కాడ నేర్సినోణ్ణి, నాకు తెలీదా?"

"తెలిసి ఎందుకు వేసినావన్నా?"

"నీ సంతకం ఉండాది గదా. మేస్త్రి కూతురు అడుగు సూడకుండా పెడతాదా అనుకుంటి."

ఆయన భార్య కృపామణి కాఫీ తెచ్చింది. తాగకపోతే ఏమనుకుంటుందోనని తాగేశాను.

జరిగిందంతా రిపోర్టు రాసి బీరువాలో పెట్టాను. అది బడివాళ్ళకు ఇస్తే చిన్నబ్బన్న మీద పడ్డ మాట పోతుంది. యూనిట్ మూతపడుతుంది. ముప్ఫైమంది ఆడవాళ్ళు ఇళ్ళకు పోతారు, చిట్టెం మళ్ళీ రోడ్ల పక్కన కుప్పలవుతుంది, దాంతో కట్టడం దండగని అందరూ అంటారు. అది చూసిన మునిచంద్ర నా బల్ల ముందు నిలబడి, మొదటిసారి నవ్వకుండా అన్నాడు: "అది బయటికి ఇయ్యొద్దు మేడం. ఇంక మీరు నాలుగు నెల్లంటే నాలుగు నెల్లే. బోరు ఏపిస్తా." వేయించాడు కూడా. నిన్న నీళ్ళు పడ్డాయి. ఆరేళ్ళుగా నేను మొత్తుకున్నది ఆ నీళ్ళ కోసమే. వాటిని చూసి సంతోషం కలిగింది. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

నువ్వేమంటావో నాకు తెలుసు. దయచేసి అది రాయొద్దు. నువ్వు చెప్పావని చేస్తే, అది నీ చేతికి తెలిసిందే అవుతుంది గానీ నాకు తెలిసింది కాదు. రేపు సోమవారం. చిత్తూరు బస్సెక్కి ఆ కాగితం ఇచ్చి వస్తానో, బోరు దగ్గర నిలబడి కుప్పను నడుమ దాకా తడిపిస్తానో, ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు తెలియదు. ఇప్పుడూ తెలియదు నాయనా.

ఇట్లు,
నీ దగ్గర పని నేర్చుకోని కూతురు,
రాజశ్రీ